ఎండటోపీ పెట్టిన బాతు

వెర్లీన్ కొపాక్ కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషని అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడోలో ఇళ్ల అప్పుల వ్యాపారం చేసేవాళ్లంతా అనుకునేవారు. అది అన్యాయం. ఆమె గుడ్డుకు ఈకలు పీకేది కాదు. ఆ గుడ్డు పెట్టిన కోడి ఏ గూటిదో, ఆ గూట్లో ఎన్నాళ్లుగా ఉంటోందో, పక్క గూటి పుంజుతో దానికేమైనా చుట్టరికం ఉందో లేదో రాతపూర్వకంగా అడిగేది. అంతే.

ఆమె అనుమానం ఎంత దూరం పోయేదో చెబితే మీరు నమ్మరు. ఒకసారి ఒక వెల్డింగ్ కంపెనీ యజమాని రాసిన ఉత్తరం వచ్చింది, ఫలానా మనిషి నా దగ్గర నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడని. వెర్లీన్ దాన్ని చదవలేదు, వాసన చూసింది. వెల్డింగ్ కొట్టు కాగితానికి దాల్చినచెక్క వాసనేమిటి? ఆరా తీస్తే ఆ ఉత్తరం రాసింది ఆ మనిషి అత్తగారని తేలింది, అదీ ఆపిల్ రొట్టె కాలుతుండగా. ఆ ఫైలు అక్కడే ఆగింది. రొట్టె మాత్రం బాగా కాలిందట.

మామీ నది పక్కన రెండో అంతస్తులో ఉండేది వాళ్ల ఋణసంస్థ. చిన్న జీతగాళ్లకు ఇంటి అప్పు ఇచ్చేది సంస్థ. ఆ అప్పు మునిగితే నష్టం భరిస్తానని బీమా ఇచ్చేది ప్రభుత్వం. ప్రతి కాగితమూ వాషింగ్టన్‌కు వెళ్లి, అక్కడ నలిగి, తిరిగొచ్చేసరికి కొనాలనుకున్న ఇల్లు కూలిపోతుంది గనక, ప్రభుత్వమే కొన్ని సంస్థలను నమ్మి, వాటిలో ఒక్కొక్క మనిషికి ఒక నంబరు ఇచ్చి, మా బదులు నువ్వే చూసి సంతకం పెట్టు అంది. ఇక్కడ ఆ నంబరు వెర్లీన్‌ది. సర్కారువారి చెయ్యి ఆమె మణికట్టుకు అతికించి ఉందన్నమాట. ఆ చేత్తో తప్పు సంతకం పడితే బీమా చెల్లదు, సంస్థ మునుగుతుంది, నంబరు పోతుంది. పదమూడేళ్లలో ఆమె నంబరు మీద ఒక్క మచ్చ లేదు.

ఆ పనిలో ఒక ఆచారం ఉంది. సంతకం పెట్టే మనిషి కొనేవాళ్ల మొహం చూడదు, కొనే ఇల్లూ చూడదు. చూస్తే జాలి పుడుతుందని. అన్నీ కాగితాల మీదే. ఏదైనా తేడాగా కనబడితే సంజాయిషీ అడుగుతుంది, అవతలివాళ్లు ఉత్తరం రాసి పంపుతారు. పాత ఇంటిపేరు ఎందుకు మారింది, గత మార్చిలో వారం రోజులు పనిలోకి ఎందుకు వెళ్లలేదు, ఒకే మనిషికి రెండు చిరునామాలేమిటి? ఆమె అల్మారాలో వేల సంజాయిషీలు ఉండేవి. వెర్లీన్ మాత్రం తన జన్మలో ఒక్కటి రాసి ఎరగదు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో, ఒక బుధవారం మధ్యాహ్నం, ఒడెస్సా ప్రూయిట్ అనే ఆవిడ ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. ఒడెస్సా బడి వంటశాలలో వంటమనిషి. తూర్పు టొలీడోలో, హంగేరీవాళ్ల పేటలో ఒక పాత ఇల్లు కొంటోంది. అమ్మేది ఎల్మర్ కార్డోస్ అనే ముసలాయన, గాజు ఫ్యాక్టరీలో చేసి మానేశాడు. మోకాళ్లు మెట్లెక్కనివ్వక లొరెయిన్‌లో చెల్లెలింటికి పోతున్నాడు.

ఫైలు తెచ్చినవాడు కర్టిస్ బీమన్. దరఖాస్తులు పుచ్చుకునే ఉద్యోగి. అతను ఫైలు బల్ల మీద పెట్టి వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. వెర్లీన్‌కు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

"ఏంటి కర్టిస్, కాళ్లకి మేకులు కొట్టారా?"

"కాదు వెర్లీన్ గారూ. శుక్రవారంతో వడ్డీ రేటు గడువు అయిపోతుంది. అది దాటితే కొత్త రేటు. ఆ రేటుకి ఆవిడ జీతం సరిపోదు. ఇప్పుడుంటున్న అద్దె ఇల్లు కూడా అమ్మేశారు, నెలాఖరుకి ఇద్దరు పిల్లల్తో ఖాళీ చెయ్యాలి. పైగా ఆ ముసలాయన గుమ్మంలో అద్దె ఇళ్ల కంపెనీవాడొకడు రొక్కం పట్టుకుని కాచుక్కూర్చున్నాడు."

"అంటే తొందరగా చూడమంటావ్."

"చూడమనే అంటున్నాను."

"తొందరగా చూసేదాన్ని చూడటం అనరు నాయనా, దాటెయ్యడం అంటారు. వెళ్లి కాఫీ తాగు."

ఫైల్లో అన్నీ బాగానే ఉన్నాయి. జీతం చీటీలు సరిగ్గా ఉన్నాయి. చర్చి గాయక బృందంలో పాడే చెల్లెలు ముందు చెల్లింపుకు కొంత బహుమతిగా ఇచ్చింది, తిరిగి అడగనని ఉత్తరం కూడా రాసింది. తిరిగి అడగనన్న మాట కింద రెండు గీతలు కొట్టింది. అక్కచెల్లెళ్లే, వెర్లీన్ ఒప్పుకుంది. మిగిలింది రంగు.

ఆ ఇల్లు పాతది. అంత పాత ఇళ్ల రంగులో సీసం ఉంటుంది గనక, ఎక్కడ పెచ్చులూడినా గీకి కొత్త రంగు వేస్తే తప్ప ప్రభుత్వ బీమా రాదు. విలువ కట్టే హార్లన్ టిబ్స్ జనవరి చివర్లో వెళ్లి ఫోటో తీశాడు. వరండా స్తంభాలు కుష్టు పట్టినట్టు పెచ్చులు పెచ్చులుగా ఉన్నాయి. బాగుచేయించమని షరతు పెట్టారు. నిన్న మంగళవారం హార్లన్ మళ్లీ వెళ్లి, పని పూర్తయిందని సంతకం పెట్టి, కొత్త ఫోటో అంటించాడు. స్తంభాలు పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తున్నాయి.

వెర్లీన్ ఆ రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టింది. రెండింటిలోనూ మెట్ల పక్కన సిమెంటు బాతు ఉంది.

ఒహాయోలో బాతు లేని వరండా ఉంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం. మోకాలెత్తు సిమెంటు బాతు, దానికి బట్టలు. క్రిస్మస్‌కు ఎర్ర కోటు, ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు గుండె బొమ్మల గౌను, ఈస్టర్‌కు కుందేలు చెవుల టోపీ, వాన పడితే పసుపు రెయిన్‌కోటు. ఇంట్లో పిల్లలకు బట్టలు మార్చడం మరిచిన తల్లయినా బాతుకు మార్చడం మరవదు. క్యాలెండర్ లేకపోయినా వీధిలో నడుస్తూ బాతులను చూసుకుంటూ పోతే నెలా, పండగా తెలిసిపోతాయి. బాతు పంచాంగం తప్పదు.

జనవరి ఫోటోలో కార్డోస్ గారి బాతుకు ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు. బాగానే ఉంది. నిన్నటి ఫోటోలో, అంటే ఫిబ్రవరి ఇరవైన, బయట నీళ్ల గొట్టాలు పగిలే చలిలో, ఆ బాతు గడ్డి ఎండటోపీ పెట్టుకుని, నల్లకళ్లద్దాలు తగిలించుకుని, పూలపూల ఈత గౌను వేసుకుని నిలబడి ఉంది.

వెర్లీన్ కుర్చీలో వెనక్కి వాలింది. కాఫీ కప్పుతో తిరిగొచ్చిన కర్టిస్, ఆమె ఫోన్ వైపు చూసే చూపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అది నిన్నటి ఫోటో కాదు," అంది. "ఎప్పుడో జూలైలో తీసింది. మంచు ఎక్కడ? వెనకాల అంతా తెల్లగా మసగ్గా ఉంది. వెలుతురు చూడు, పచ్చగా, ఎండాకాలం సాయంత్రంలా. రంగు బాగున్న రోజుల్లో తీసిన పాత ఫోటో తెచ్చి అంటించారు. ఈ చలిలో రంగు ఆరుతుందా అసలు? డబ్బాలోనే గడ్డ కడుతుంది."

"బాతు బట్టల్ని బట్టి ఫైలు ఆపుతారా వెర్లీన్ గారూ?"

"మనిషి అబద్ధం రాస్తాడు కర్టిస్. బాతుకి రాయడం రాదు."

హార్లన్‌కు ఫోన్ చేసింది. నిన్న వెళ్లావా అంటే వెళ్లానన్నాడు. స్తంభాలు చూశావా అంటే, చూశాను, నాలుగూ చూశానన్నాడు.

"మెట్ల పక్కన బాతుని చూశావా?"

అవతల హార్లన్ మింగిన గుటక ఇక్కడ కర్టిస్‌కు కూడా వినబడింది.

"బాతా? ఏ బాతు? బాతేదీ చూసిన గుర్తులేదండీ."

వెర్లీన్ ఫోన్ పెట్టేసింది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఎండటోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న బాతు పక్కన నిలబడి ఫోటో తీసినవాడు బాతును చూడలేదట! అసలు ఆ గడపే తొక్కలేదన్నమాట. మరి ఫోటో ఎవరిచ్చారు? ముసలాయనా, కొనే ఆవిడా? లేక ఫైలు పెట్టి కదలకుండా నిలబడ్డ ఈ కర్టిసా? ఆమె అతని బూట్ల వైపు చూసింది. అవి శుభ్రంగానే ఉన్నాయి. ఇంకా అనుమానం పెరిగింది.

ఆ సాయంత్రం నాలుగింటికి వెర్లీన్ పదమూడేళ్ల ఆచారం తప్పింది. కోటు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా నది దాటి తూర్పు పేటకు కారు పోనిచ్చింది. జాలి పడటానికి కాదు, పట్టుకోవడానికి.

కారును రెండిళ్ల అవతల ఆపింది. ఎదురుగా కనబడిన దృశ్యం ఆమెకు మరీ నచ్చలేదు. కార్డోస్ గారి వరండా అంతా పైనుంచి కిందదాకా తెల్లని ప్లాస్టిక్ పట్టాతో కప్పేసి ఉంది. దాచవలసింది లేకపోతే కప్పడం ఎందుకు? మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ పోయి, పట్టా అంచు ఎత్తి, లోపలికి ఒక చెయ్యి పెట్టింది. చేతికి స్తంభం తగిలింది. చేతితొడుగు వేళ్లతోనే గట్టిగా నొక్కి చూసింది.

"ఎవరక్కడ? దొంగవైతే ముందు తలుపు తీసే ఉంది, చక్కగా రావచ్చు," అని లోపలి నుంచి ముసలి గొంతు వినబడింది.

ఇక తప్పక వెర్లీన్ లోపలికి దూరింది. దూరగానే కళ్లద్దాలు ఆవిరితో మసకబారాయి. లోపల జూలై నెల! మూడు హీటర్లు ఎర్రగా మండుతున్నాయి. పసుప్పచ్చని పెద్ద బల్బు వేలాడుతోంది. ఎల్మర్ కార్డోస్ బనీనుతో మడతకుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన నిచ్చెన మీద కుంచె పట్టుకుని ఒక ఆడమనిషి. బడి వంటవాళ్ల జుట్టువల ఇంకా తలమీదే ఉంది. వాళ్ల మధ్యన ఎండటోపీ, నల్లకళ్లద్దాలు, ఈత గౌనుతో బాతు.

"అదేంటి?" అని వెర్లీన్ వేలు చూపించింది. అడగవలసిన ప్రశ్నలు వంద ఉన్నా అదే ముందు వచ్చింది.

"మార్గిట్ బాతు," అన్నాడు ఎల్మర్. "మా ఆవిడది. ఆవిడ పోయాక బట్టలు మార్చడం నా వంతు. ఈ గుడారం లోపల ఉక్కకి మేమే చస్తున్నాం, దానికి గుండెబొమ్మల ఉన్ని గౌను వేస్తే ఊరుకుంటుందా? అందుకని మార్చాను. నిన్న ఫోటో తీసే హార్లన్ వచ్చి చూసి నవ్వీ నవ్వీ ఆ మెట్టు మీద కూలబడ్డాడు. మళ్లీ టక్కున ఆపేసి, 'బాబూ, మా ఆఫీసులో ఒకావిడ ఉంది, ఈ బాతు సంగతి తెలిస్తే దాని కులగోత్రాలు అడుగుద్ది, నేను దీన్ని చూడలేదు' అని పోయాడు. ఇంతకీ నువ్వెవరమ్మాయ్?"

వెర్లీన్ పేరు చెప్పింది. నిచ్చెన మీద ఒడెస్సా చేతిలో కుంచె ఆగిపోయింది. ఎల్మర్ మెల్లగా బనీను సర్దుకున్నాడు.

వెర్లీన్‌కు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. హార్లన్ అబద్ధం ఆడింది దొంగ కాబట్టి కాదు, తనకు భయపడి. తను అనుమానించడం మొదలుపెట్టక ముందు అందులో అబద్ధమే లేదు. అయితే ఆ ముల్లును తీరిక దొరికినప్పుడు తీసుకోవచ్చని, కొత్త అనుమానం వైపు తిరిగింది.

"ఒడెస్సా ప్రూయిట్ నువ్వేనా? ఇంకా నీది కాని ఇంటికి నువ్వెందుకు రంగేస్తున్నావ్? పనికి బదులు ధరలో ఏమన్నా తగ్గిస్తున్నాడా? కాగితం మీద ఒకటి, చాటున ఒకటీనా?"

ఒడెస్సా నిచ్చెన దిగింది. "మేడమ్, ఆయన మోకాళ్లు చూశారా? షరతేమో రంగెయ్యాలని, గడువేమో శుక్రవారం. ఈ చలికి ఏ రంగులవాడూ రానన్నాడు. బడి అయ్యాక నాలుగు రోజుల నుంచి వస్తున్నాను. నిన్నటికే ఒక పూత అయిపోయింది, ఇది రెండో పూత. మీరు కాగితం మీద 'బాగుచేయించవలెను' అని రాశారు గాని, ఎవరు చెయ్యాలో రాయలేదు."

"డబ్బిచ్చాడా?"

"ఇవ్వలేదు."

"ఏమీ ఇవ్వలేదా?"

ఒడెస్సా ఎల్మర్ వైపు చూసింది. ఎల్మర్ పైకప్పు వైపు చూశాడు. వెర్లీన్ ఇద్దరి వైపూ చూసింది.

"కోడికూర పెట్టాడు," అంది ఒడెస్సా చివరికి. "మిరపపొడి, మీగడా వేసి వండుతారుగా వీళ్లు, ముద్దలు వేసి. రోజుకో గిన్నె."

"మొత్తం ఎన్ని గిన్నెలు?"

"దాన్ని కూడా ఫైల్లో రాస్తావా అమ్మాయ్?" అని ఎల్మర్ కోప్పడ్డాడు. "నాలుగు! పిల్లలకి ఇంకో రెండు. ఆరూ అని రాసుకో. ఉప్పు కాస్త ఎక్కువైంది, అదీ రాసుకో."

"మరి బాతు? ఇంటితో పాటు బాతు కూడా ఆవిడకేనా? అమ్మేవాళ్లు సామాను ఊరికే వదిలేస్తే దాన్ని ఆశ పెట్టడం అంటారు. దాని విలువ ధరలోంచి తగ్గించాలి. తగ్గిస్తే కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి."

"మార్గిట్ బాతుని నేనెవరికీ ఇవ్వను," అన్నాడు ఎల్మర్. ఆ మాట అంటూ ఆయన ఒడెస్సా వైపు చూడలేదు. అది వెర్లీన్ కళ్లబడింది. సంచిలోంచి కాగితం తీసి, 'బాతు ఈ అమ్మకంలో లేదు, నాతోనే వచ్చును' అని అక్కడికక్కడే రాయించి సంతకం పెట్టించుకుంది.

కారెక్కి చలికి చేతులు రుద్దుకుంటుంటే తెలిసింది, కుడిచేతి తొడుగు మూడు వేళ్లకూ తెల్లని రంగు అంటుకుని ఉంది. తడి రంగు. జూలైనాటి రంగు ఫిబ్రవరిలో చేతికి అంటదు. ఫోటో నిజమే. స్తంభం మీద మూడు వేళ్ల గుర్తులు పడే ఉంటాయి, వాటి మీద ఒడెస్సా మళ్లీ కుంచె తిప్పుతూ తనను తిడుతూ ఉంటుందని వెర్లీన్ ఊహించుకుంది. అది మాత్రం అనుమానం కాదు, రూఢి.

గురువారం పొద్దున సంతకం పెట్టబోయి, కలం ఎత్తి ఆగిపోయింది. ఈ ఫైలు ఏదో ఒక రోజు వాషింగ్టన్ తనిఖీదారు చేతికి పోతుంది. అక్కడ కూర్చున్నవాడూ తనలాంటివాడే అయితే, రెండో ఫోటో చూసి తను అన్న మాటే అంటాడు. తనలాంటివాడు కాకపోతే ఇంకా ప్రమాదం, బాతుకు బట్టలేమిటని మొత్తం ఒహాయోనే అనుమానిస్తాడు.

అందుకని వెర్లీన్ కొపాక్ తన జన్మలో మొదటిసారి సంజాయిషీ ఉత్తరం రాసుకుంది. మూడుసార్లు చించి నాలుగోసారి ఇలా రాసింది.

'ఇరవయ్యో తేదీ ఫోటోలో బాతు వేసవి దుస్తుల్లో ఉన్న మాట నిజం. ఫోటో వేసవిలో తీసినది కాదు. మా ప్రాంతంలో బాతులకు ఋతువును బట్టి బట్టలు వేస్తారు. ఆ రోజు వరండాలో హీటర్ల వల్ల ఋతువు వేరుగా ఉంది. నేను స్వయంగా వెళ్లి చూశాను. వెళ్లడం ఆచారం కాదని నాకు తెలుసు. రంగు కొత్తదే. సాక్ష్యంగా నా కుడిచేతి తొడుగును జతచేస్తున్నాను. వంటకాల విషయం నేను పరిగణనలోకి తీసుకోలేదు.'

కర్టిస్ దాన్ని చదివి, నవ్వు ఆపుకోలేక కాఫీ గదిలోకి పారిపోయాడు. అయినా శుక్రవారం మధ్యాహ్నానికి కాగితాల మీద సంతకాలు పూర్తయ్యాయి. ఒడెస్సా తాళంచెవులు తీసుకుంది. రొక్కం పట్టుకుని కాచుక్కూర్చున్నవాడు ఇంకో గుమ్మం వెతుక్కున్నాడు. వెర్లీన్ ఆ ఫిబ్రవరి మిగిలిన రోజులన్నీ కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తిరిగింది.

కథ అక్కడితో అయిపోవలసింది. కాని ఇంకో నిబంధన ఉంది. కొన్నవాళ్లు అరవై రోజుల్లోగా ఆ ఇంట్లో కాపురం పెట్టాలి. అద్దెకిచ్చుకోవడానికి కొంటే బీమా చెల్లదు. ఆ సంగతి చూడటానికి వేరే మనుషులున్నారు. అయినా ఏప్రిల్ చివర్లో, ఆదివారం, చర్చి నుంచి ఇంటికి పోవలసిన వెర్లీన్ కారు ఎందుకో నది దాటింది.

వరండాలో ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది. ఆరేసిన బట్టలు లేవు, పిల్లల సైకిళ్లు లేవు. ఆమె గుండెలో పాత అనుమానం ఒళ్లు విరుచుకుని లేచి కూర్చుంది. ముసలాయన వెళ్లిపోయాడు, ఈవిడ రాలేదు, ఎవరికో అద్దెకిచ్చేసింది.

అప్పుడు మెట్ల పక్కన బాతు కనబడింది.

దానికి ఈస్టర్ టోపీ లేదు, పూలగౌను లేదు. తలకు బడి వంటవాళ్ల జుట్టువల, మెడలోంచి తెల్లని ఏప్రన్, రెక్క కింద నిజమైన స్టీలు గరిటె. అలాంటి బట్టలు దానికి తూర్పు టొలీడోలో ఒకే ఒక్క మనిషి వేస్తుంది. ఆ మనిషి ఆ ఇంట్లోనే కాపురముంటోంది. లోపల చర్చి పాట ఎవరో కూనిరాగం తీస్తున్నారు. మీగడ కోడికూర వాసన వీధిలోకి వస్తోంది, ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం వాసనకు తెలియదు.

కాపురం సంగతి తేలిపోయింది. కాని బాతు? 'నాతోనే వచ్చును' అని సంతకం పెట్టిన మనిషి లొరెయిన్‌లో, బాతు ఇక్కడ. అంటే ఆశ పెట్టినట్టే. ధరలోంచి తగ్గించవలసిందే. ఫైలు మళ్లీ తెరవవలసిందే.

వెర్లీన్ కళ్లద్దాలు తీసింది. ఒళ్లో పెట్టుకుని, పైటలాంటి తన చర్చి శాలువా అంచుతో తుడవడం మొదలుపెట్టింది. కళ్లద్దాలు లేకపోతే ఆమెకు కారు ముందున్న బండి కూడా కనబడదు, వరండాలో బాతు ఎక్కడ కనబడుతుంది? ఆవిడ అలా తుడుస్తూ కూర్చున్నంతసేపట్లో నాలుగు స్తంభాలకూ రెండు పూతల రంగు వేసి ఆరబెట్టుకోవచ్చునని ఎదురింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తుడవడం అయ్యాక, అద్దాలు పెట్టుకోకుండానే కారు తిప్పుకుని, దారి తడుముకుంటూ ఇంటికి పోయిందట.